పంక్తి భోజనం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మేం కొందరం కలిసి పెడుతున్న పంక్తి భోజనం గురించి సంతలోనూ, పెళ్లిళ్లలోనూ, ఫోన్‌లోనూ జనం మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలివి. ఈమధ్య గుణుపురం, జయపురం, బరంపురం నుంచి కూడా అడుగుతున్నారు. ప్రతివాళ్లకీ మొదటి నుంచి చెప్పి చెప్పి గొంతు పోయింది, అందుకని రాసి పెట్టాం.

అసలిదేంటి? ఒక్క ముక్కలో చెప్పండి.

వంద రూపాయలిచ్చి భోంచేస్తారు. తింటూ నలుగురు చెప్పేది వింటారు. ఆ నలుగురూ ఏదో ఒక చిన్న కళాపని చెయ్యాలని ఉండి, చేతిలో డబ్బు చాలనివాళ్లు. చెయ్యి కడుక్కున్నాక మీకు నచ్చినవారికి ఓటు వేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఆ పూట ఖర్చులు పోను మిగిలిన డబ్బంతా అక్కడికక్కడే చేతిలో పెడతాం. ఒక్క ముక్కలో అన్నారు, అయిదయ్యాయి.

దీనికీ చందాకీ తేడా ఏముంది?

చందా పుస్తకం పట్టుకుని నలుగురు కుర్రాళ్లు వీధి మలుపు తిరగ్గానే తలుపు దగ్గరగా వేసుకోవడం మనందరికీ అలవాటే. చందాలో ఏం చెయ్యాలో అడిగేవాళ్లే ముందు నిర్ణయించేస్తారు. ఎక్కువ ఇచ్చినవాళ్ల పేరు మైకులో మూడుసార్లు వినిపిస్తుంది, యాభై ఇచ్చినవాళ్ల పేరు ఎవరికీ వినపడదు. ఇక్కడ డబ్బు ఇచ్చినవాళ్లే అది ఎవరికి వెళ్లాలో తేలుస్తారు. అందరూ ఇచ్చేది ఒకటే వంద.

ఇది మన పెళ్లిళ్లలో చదివింపుల్లాంటిది కాదా అని కూడా కొందరు అడిగారు. దగ్గరగానే ఉంది గానీ ఒకటి కాదు. చదివింపులు పుస్తకంలో రాసుకుంటారు, రేపు వాళ్లింట్లో పెళ్లయితే అంతకు తగ్గకుండా చదివించాలి. తమిళనాడులో పుదుక్కోట్టై, తంజావూరు వైపు మొయ్ విందు అని ఉంది. డబ్బు అవసరం పడ్డవాళ్లు ఊరిని పిలిచి విందు పెడతారు, తిన్నవాళ్లు తలా ఇంత ఇచ్చి పేరు రాయించుకుని వెళ్తారు, తర్వాత వాళ్లు విందు పెట్టినప్పుడు ఆ బాకీ తీర్చాలి. మా దగ్గర డబ్బు బాకీ లేదు. గెలిచినవాళ్లు తర్వాతి పంక్తికి వచ్చి ఏం చేశారో చూపిస్తే సరి.

పంక్తి అనే పేరు ఎందుకు పెట్టారు? పాతకాలపు వాసన వస్తోంది.

వస్తుంది. ఒకప్పుడు ఒక్కో కులానికి ఒక్కో పంక్తి, కొందరికి ఏ పంక్తిలోనూ చోటు లేదు. ఆ సంగతి మరిచిపోయి ఈ మాట వాడటం లేదు. కానీ అదే సంప్రదాయంలో పంక్తి భేదం మహా పాపం అని కూడా అన్నారు. ఒక వరసలో కూర్చోబెట్టాక ఒకరికి నెయ్యి గరిటెడు, ఇంకొకరికి చుక్క వెయ్యకూడదని. మాకు కావాల్సింది ఆ రెండో మాట. ఎవరొచ్చినా ఒకే వరస, ఒకే వడ్డన, ఒకే లెక్క ఓటు. చిట్టీ తీసి ఏ నంబరు వస్తే ఆ విస్తరి ముందు కూర్చోవాలి. దీనివల్ల ఒకరిద్దరు అలిగి వెళ్లిపోయిన మాట కూడా నిజమే.

ఈ ఆలోచన మీదేనా?

కాదు. 2007లో అమెరికాలోని చికాగోలో ఇన్‌క్యుబేట్ అనే చిన్న బృందం సండే సూప్ అని మొదలుపెట్టింది. జనం డబ్బులిచ్చి సూప్ తాగేవారు, ఆ డబ్బు ఒక కళాకారుడి పనికి వెళ్లేది, ఎవరికో తాగినవాళ్లే తేల్చేవారు. 2009లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఫీస్ట్ పేరుతో ఇలాంటిదే వచ్చింది. 2010లో డెట్రాయిట్‌లో మొదలైన సూప్ బాగా పేరు తెచ్చుకుంది. కార్ల ఫ్యాక్టరీలు దెబ్బతిని, 2013లో నగరపాలక సంస్థే దివాలా పిటిషన్ వేసుకున్న ఊరది. అక్కడ అప్పట్లో అయిదు డాలర్లకి సూప్, సలాడ్, రొట్టె, ఒక ఓటు. నలుగురు మాట్లాడేవారు, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, తర్వాత నాలుగు ప్రశ్నలు. ఈ నాలుగుల లెక్క మేం అలాగే తెచ్చుకున్నాం. సూప్ మటుకు తేలేదు. ఇంట్లో చారు ఉండగా సూప్ దేనికి?

ఎంత పోగవుతుంది? దానితో ఏమవుతుంది?

ఎక్కువమంది అడిగేది ఇదే, అడిగేటప్పుడు కాస్త వెటకారం కూడా ఉంటుంది. లెక్క చూడండి. ఎనభై మంది వస్తే 8,000. బియ్యం, పప్పు, కూరలు ఇళ్ల నుంచి వస్తాయి. ఎవరి పెరట్లో ఏది కాస్తే అది తెస్తారు. నూనె, గ్యాస్, విస్తర్ల ఖర్చు మాత్రం పై మొత్తంలోంచి తీస్తాం. ఎంత తీశామో పలక మీద రాసి గుమ్మం దగ్గర పెడతాం. మిగిలేది ఆరు, ఏడు వేలు అనుకోండి.

ఏడు వేలతో సినిమా తియ్యలేరు. కానీ అటక మీద మూలుగుతున్న హార్మోనియం బాగుచేయించవచ్చు. తప్పెటగుళ్ల దళం సంగతి తీసుకోండి. రేకు తప్పెట గుండె మీద కట్టుకుని, కాళ్లకు గజ్జెలు వేసుకుని ఎగిరి ఆడే ఆట అది. రేకులు సొట్టలు పోయి, గజ్జెలు సగం రాలిపోయాక దళం ఆడటం మానేస్తుంది. కళ అంతరించిపోతోందని పేపర్లో రాస్తారు. అంతరించడం లేదు, గజ్జెలు లేవు. జముకుల కథ చెప్పే ముసలమ్మకి వాయించే జముకు పాడైతే మార్చుకోవడానికి దిక్కుండదు. గంజాం వైపు ప్రహ్లాద నాటకం ఆడేవాళ్లకి నరసింహుడి ముసుగుకి రంగు పెచ్చులూడుతుంది. ఇవన్నీ వేలల్లో తెమిలే పనులు, లక్షలు అక్కర్లేదు.

మా ఊరి కొమ్ముపని గురించి వేరే చెప్పక్కర్లేదు. పశువుల కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చెక్కే చేతులు ఇంకా ఉన్నాయి. మెరుగుపెట్టే చిన్న మోటారు ఒకటి ఉంటే ఇంట్లో కుర్రాడు కూడా పక్కన కూర్చుంటాడేమోనని ఒక పెద్దాయన అడిగారు. నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు ఆయన మాట్లాడలేదు. జేబులోంచి కొంగని తీసి వరసలో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పంపించారంతే.

మరి ప్రభుత్వ పథకాలు లేవా అంటారు. ఉన్నాయి, అందుకోగలిగినవాళ్లు తప్పకుండా అందుకోవాలి. కానీ పెద్ద గ్రాంటు ఫారం రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతుంది, ఆడిట్ లెక్కలు అడుగుతుంది. ఏడు వేలు కావాల్సిన మనిషి ఏడు లక్షల ఫారం నింపలేడు. సరిహద్దులో ఇంకో చిక్కుంది. ఆట తెలుగుది, ఆధార్ మీద చిరునామా ఒడిశాది. ఆటని బట్టి అటు అడిగితే చిరునామా ఇటు అంటారు, చిరునామాని బట్టి ఇటు అడిగితే ఆట అటు అంటారు. ఆంధ్రలోని పాతపట్నం ఇక్కడికి నాలుగు అడుగుల దూరం, ఫారంలో మటుకు వేరే దేశం.

ఎవరు అడగొచ్చు? ఏ పనికైనా ఇస్తారా?

పాట, ఆట, బొమ్మ, నేత, కథ, ఫోటో, చిన్న పుస్తకం, బడి గోడ మీద రంగులు, ఏదైనా సరే, పని ఈ చుట్టుపక్కల జరగాలి, ఆర్నెల్లలో ఎంతోకొంత కంటికి కనిపించాలి. వయసు, చదువు అడగం. బరంపురం పట్టు నేసే ఇంటి అమ్మాయి పాత అంచుల నమూనాలు ఒక పుస్తకంలో గీసి పెట్టుకుంటానన్నా సరే. సోరా (మనం సవర అంటాం) పాటలు తెలిసిన పెద్దవాళ్ల దగ్గరికి కొండెక్కి వెళ్లి రికార్డు చేస్తానన్నా సరే. సోరా భాషకి 1936లో మంగేయి గొమాంగో సొంత లిపి తయారుచేశారు. ఆ లిపిలో, తెలుగు లిపిలో పక్కపక్కన పాటలు అచ్చువేస్తే ఎంత బాగుంటుందో! ఇంతవరకు ఎవరూ అడగలేదు. చదివేవాళ్లలో ఎవరైనా అడిగితే నా రెండు ఓట్లూ (రెండేమిటో కింద చెప్తాను) వాళ్లకే వేసేలా ఉన్నాను, అది రూలుకి విరుద్ధమైనా.

గుడి కట్టడానికి, పార్టీ పనికి, సొంత అప్పు తీర్చుకోవడానికి ఇవ్వం. ఆస్పత్రి ఖర్చుకీ ఇవ్వం. ఇది మాకే కష్టంగా ఉండే రూలు. ఒకసారి ఒకావిడ అడిగింది కూడా. కానీ ఆస్పత్రి బిల్లు పక్కన హార్మోనియం నిలబడలేదు. ఆ రెండిటినీ ఒకే ఓటుకి పెడితే హార్మోనియం ఎప్పుడూ ఓడిపోతుంది, ఓటు వేసినవాళ్లూ ఆ రాత్రి సుఖంగా నిద్రపోరు. ఆవిడ కోసం విడిగా ఇల్లిల్లూ తిరిగాం. అది వేరే పని.

ఏ భాషలో మాట్లాడాలి?

మీ నోటికి వచ్చిన భాషలో. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మాస్టారుగా పనిచేసిన ఊరిది. సవరల మధ్య కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం మిగిలాం. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో రెండూ కలిపి, కొండ మీంచి దిగినవాళ్లతో వచ్చీరాని సోరా. ఆయన ఊళ్లో గ్రాంథికంలో ప్రసంగించడానికి ఎవరికైనా మనసెలా వస్తుంది? వచ్చినవాళ్లూ ఉన్నారనుకోండి. ‘సభకు నమస్కారం’తో మొదలుపెట్టి, సరస్వతీ స్తోత్రం చదివి, అసలు సంగతికొచ్చేసరికి నాలుగు నిమిషాలు అయిపోయిన మాస్టారు ఒకరు మాకు బాగా గుర్తు.

ఒడియాలో చెప్పినా, సోరాలో చెప్పినా పక్కన ఒకరు తెలుగులో చెప్తారు, ఆ టైము మీ నాలుగు నిమిషాల్లోంచి పోదు. కంప్యూటరు, ప్రొజెక్టరు వద్దు. వస్తువు తెచ్చి చూపించవచ్చు. పాడొచ్చు, ఆడొచ్చు.

భోజనంలో ఏం పెడతారు?

అన్నం, దాల్మా (పప్పులో కూరముక్కలు వేసి వండే ఒడియా వంట), ఒక కూర, ఒక పచ్చడి, చారు, మజ్జిగ. కాలాన్ని బట్టి పనసపొట్టు ఆవకూరో, గుమ్మడికాయ పులుసో ఉంటుంది. ఎండాకాలంలో ముందు చోడి (రాగి) అంబలి ఇస్తాం. దాల్మా మీద కొంచెం గొడవ ఉంది. ఒడియా వంటవాళ్లు చేసిన రోజు ఇది పప్పా, కూరా అని తెలుగువాళ్లు, తెలుగువాళ్లు చేసిన రోజు ఇంత చింతపండేంటని ఒడియావాళ్లు. మేం తలదూర్చం.

అడ్డాకు విస్తర్లలోనే పెడతాం. కొండ నుంచి సంతకి తెచ్చి అమ్మేవాళ్ల దగ్గరే కొంటాం. థర్మకోల్ ప్లేట్లు ఉచితంగా ఇస్తామని ఒకరొచ్చారు, వద్దన్నాం. మాంసం వండం. ఇష్టం లేక కాదు, మాంసం పెట్టిన రోజు నలుగురు చెప్పేది ఎవరూ వినరు.

వంద కూడా ఇవ్వలేనివాళ్ల సంగతేంటి?

రెండు సొరకాయలు తెచ్చినా, కూర తరిగినా, నీళ్లు మోసినా వంద కిందే లెక్క. అదే విస్తరి, అదే ఓటు. ఎవరు డబ్బిచ్చారు, ఎవరు పని చేశారన్నది గుమ్మం దగ్గర కూర్చునే ఒక్క మనిషికే తెలుస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకి డబ్బుల్లేవు, ఓటూ లేదు. ఓటు లేదన్నందుకు వాళ్లు పెట్టే గోల భరించడం మా వంతు.

ఓటు ఎలా వేస్తారు?

చింతపిక్కలతో. మూలన నాలుగు కుండలు, మూతికి గుడ్డ కట్టి చిన్న చీలిక ఉంటుంది, ముందు ఒక్కొక్కరి వస్తువో బొమ్మో పెట్టి ఉంటుంది. చదువు రానివాళ్లకి ఇబ్బంది లేదు.

మొదట్లో మామూలు చింతపిక్కే ఇచ్చాం. రెండోసారి పెట్టినప్పుడు తిన్నవాళ్లు అరవై నలుగురు, కుండల్లో పిక్కలు డెబ్భై ఒకటి. చింతపిక్కలు ఎవరింట్లో లేవు? ఆ ఆలోచన మాకెందుకు రాలేదో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ పూట డబ్బుని మొదటి ఇద్దరికీ చెరిసగం చేసి గండం గడిపాం. అప్పటి నుంచి పిక్కలకి రంగు వేస్తున్నాం. రంగు ప్రతిసారీ మారుస్తాం, ఏ రంగో భోజనాల ముందు వరకు ఎవరికీ చెప్పం. ఎన్నికల సంఘం కంటే మాకే టెన్షన్ ఎక్కువ.

బంధుబలగం ఉన్నవాళ్లే గెలుస్తారు కదా?

గెలుస్తారు. అబద్ధం చెప్పి లాభం లేదు. తప్పెటగుళ్ల దళమంటేనే పదిహేను మంది, వాళ్ల భార్యలు, బావమరుదులు కలిస్తే ఒక వరస నిండిపోతుంది. ఒంటరిగా వచ్చి బొమ్మలు వేసుకునే అమ్మాయికి ఎవరున్నారు?

అందుకే ఇప్పుడు ఒక్కొక్కరికి రెండు పిక్కలు ఇస్తున్నాం, రెండూ ఒకే కుండలో వెయ్యకూడదు. ఒకటి మీవాళ్లకి వేసుకోండి, రెండోది పరాయివాళ్లకి వెయ్యాల్సిందే. దాంతో చిత్రమైన మార్పు వచ్చింది. మీవాళ్ల గురించి మీరెలాగూ వినక్కర్లేదు, కాబట్టి మిగతా ముగ్గురూ ఏం చెప్తున్నారో చెవి పెట్టి వింటున్నారు. ఎవరైనా రెండూ ఒకే కుండలో వేస్తే మేం పట్టుకోలేం, పట్టుకోవాలని కూడా లేదు. చిట్టీ తీసి కూర్చోబెట్టడం కూడా ఇందుకు కొంత సాయం చేసింది. పక్కన కూర్చున్న కొత్తమనిషిని మజ్జిగ అందుకోమని అడిగాక, వాళ్ల అమ్మాయి చెప్పేదేదో విందామనిపిస్తుంది. అయినా బలగం ఉన్నవాళ్లకి ఇప్పటికీ మొగ్గు ఉంది. ఇంతకంటే మంచి ఉపాయం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

ఓడిపోయినవాళ్లు?

మళ్లీ రావచ్చు, ఎన్నిసార్లయినా. నిజానికి ఓడిపోయినవాళ్లకి ఒక్కోసారి గెలిచినవాళ్ల కంటే ఎక్కువ దొరుకుతుంది. చెయ్యి కడుక్కునే చోట ఎవరో వచ్చి ‘మా ఇంట్లో పాత కుట్టుమిషను ఉందమ్మా, పట్టుకెళ్లు’ అంటారు. మా వంటమనిషి మాటల్లో చెప్పాలంటే, అడగనిదే అమ్మైనా పెట్టదు, అడిగితే పక్కింటావిడ కూడా పెడుతుంది.

డబ్బు తీసుకుని పని చెయ్యకపోతే?

పోలీసు కేసు పెట్టం, ఇంటిమీదకి వెళ్లం. తర్వాతి పంక్తిలో ఆయన పేరు పిలుస్తాం, వచ్చి ఏమైందో చెప్పాలి. పని పాడైందని చెప్పినా చాలు. ఒకరు రాలేదు. ఇంత చిన్న ఊళ్లో అది ఆయనకే ఎక్కువ బాధ, ఇప్పటికీ మమ్మల్ని చూస్తే వీధి మారుతున్నారు. రండి మాస్టారూ, అన్నం చల్లారుతోంది అని కబురు పెట్టాం.

పెద్ద మొత్తం ఇస్తామంటే తీసుకుంటారా?

ఓటు ఎక్కువ కావాలంటే తీసుకోం. ఊరికే ఇస్తామంటే ఆ డబ్బుతో రాలేనివాళ్లకి విస్తర్లు కొంటాం. పది వేలిస్తే వంద విస్తర్లు. ఓటు తిన్నవాళ్లది, ఇచ్చినవాళ్లది కాదు. పేరు చదవం, ఫ్లెక్సీ కట్టం. ఈ మాట చెప్పాక కూడా ఇచ్చేవాళ్లు ఉంటారు, తక్కువమంది.

నాయకుల్ని పిలుస్తారా?

పిలవం. వస్తే వంద కట్టి, చిట్టీ తీసి, కూర్చుంటారు. శాలువా లేదు.

పన్నులు, పర్మిషన్లు, విదేశీ డబ్బు?

మాది స్నేహితుల గుంపు, రిజిస్టరైన సంస్థ కాదు. అందుకని విరాళానికి పన్ను రాయితీ వచ్చే రసీదు ఇవ్వలేం, అడగకండి. డబ్బు తీసుకునేవారికి ఒక సంగతి. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో ఊరికే వచ్చిన డబ్బు మొత్తం 50,000 దాటితే అది ఆదాయం కింద పన్ను లెక్కలోకి వస్తుంది. మా ఏడు వేలతో ఆ భయం లేదు, వేరేచోట నుంచి కూడా వస్తుంటే లెక్క చూసుకోండి.

అమెరికాలో ఉన్న మేనల్లుడు పంపిస్తానంటున్నాడని చాలామంది అడుగుతారు. మేనల్లుడి చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టు ఉంటే, తన డబ్బు మామూలు బ్యాంకు దారిలో పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మటుకు అది విదేశీ విరాళం అవుతుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అనుమతి కావాలి. మాకు లేదు. సెలవుల్లో వచ్చినప్పుడు వచ్చి తినమనండి.

ఎప్పుడెప్పుడు పెడతారు?

రెండు నెలలకోసారి, ఆదివారం మధ్యాహ్నం. పెళ్లి ముహూర్తాలు ఎక్కువున్న వారాలు వదిలేస్తాం, వంటవాళ్లు దొరకరు. కోతలప్పుడూ అంతే. అక్టోబరులో ఆరుబయట పెట్టం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసినవాళ్లం. తిత్లీకి మా గజపతి జిల్లా కొండలే విరిగిపడ్డాయి. ఆ నెలలో షామియానా కట్టే ధైర్యం ఎవరికీ లేదు. బరంపురంవాళ్లు పెట్టుకునేటట్టయితే ఠాకురాణి అమ్మవారి జాత్ర జరిగే ఏడాదిలో చైత్రం వదిలెయ్యండి, ఊరంతా అక్కడే ఉంటుంది.

మా ఊళ్లో మొదలుపెట్టాలంటే?

ముప్ఫై మందితో మొదలుపెట్టండి. మొదటిసారి కల్యాణ మండపం తీసుకోకండి, అద్దెకే డబ్బంతా పోతుంది. బడి వరండానో, ఎవరి పెరడో చాలు. మాట్లాడే నలుగుర్ని ముందే వెతికి పట్టుకోవాలి, అదే అసలు కష్టం. కళ ఉన్నవాళ్లకి అడగటం మొహమాటం. వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాలి, మూడోసారి ఒప్పుకుంటారు. లెక్క పలక మీద రాయండి, అందరికీ కనపడేలా. మా పలక కావాలంటే అరువిస్తాం.

అన్నం మిగిలితే?

నీళ్లు పోసి ఉంచుతాం. గుండిగలు తోమడానికి మర్నాడు పొద్దున్న ఆరేడుగురం వస్తాం, అప్పుడు అదే మాకు చద్దన్నం. ఒడియా వాళ్లు పొఖాళొ అంటారు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మీకూ రావాలని ఉంటే రండి, ఆరు గంటలకల్లా. ఆలస్యమైతే గుండిగలే మిగులుతాయి.